మూతలక్క దరువుకు తేదీ లేదు

అయ్యలారా, అమ్మలారా, డబ్బాల ఫ్యాక్టరీలో మూతలక్కతో కలిసి చెమటోడ్చిన అక్కలారా, అన్నలారా,

కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నవాళ్లకు ముందుగా నా నమస్కారం. అక్కడికి నా మాట వినబడకపోతే చెయ్యెత్తండి. గట్టిగా మాట్లాడడానికి ప్రయత్నిస్తాను.

మూతలక్క పోయి పదకొండు రోజులైంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. పొద్దున లేచి, స్టవ్ మీద టీకి నీళ్లు పెట్టి, అవి మరిగేలోపు గోడకు ఆనుకుని కూలబడిపోయింది. ఆసుపత్రిలో రెండు రోజులుంది. ఆమె చెల్లెలు ఇక్కడ ముందు వరసలో ఉన్నారు. చెల్లెలి కూతురు పక్కనే కూర్చుని ఉంది. వాళ్లను ఓదార్చే మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని పదకొండు రోజులుగా వెతుకుతున్నాను. దొరకలేదు. ఉత్త చేతులతో వచ్చాను.

అధ్యక్షులవారు నన్ను పిలుస్తూ 'కుంటిదరువు చరిత్ర రాసిన పెద్దమనిషి' అన్నారు. అది నిజమే. కుంటిదరువు మీద మొదటి పుస్తకం రాసింది నేనే. సరిగ్గా అందుకే ఇక్కడ నిలబడడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఎందుకో చెబుతాను. దయచేసి చివరిదాకా వినండి.

కుంటిదరువు అంటే ఏమిటో ఈ హాలులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎడమచేయి మూడుసార్లు గట్టిగా పడుతుంది. నాలుగో దెబ్బ కుడిచేతిది. అది రావలసిన వేళకు రాదు. అర క్షణం ఆగుతుంది. ఆగి, మెత్తగా, ఇష్టం లేనట్టుగా దిగుతుంది. ఆ అర క్షణంలోనే కదా మన పాదం లేచేది? ఆ అర క్షణం కోసమే కదా పెళ్లిళ్లలో ముసలివాళ్లు కూడా కుర్చీల్లోంచి లేచేది? బస్సులో, బట్టల కొట్టులో, ఫోను మోగినప్పుడు, ఎక్కడ విన్నా అదే దరువు.

మరి ఆ ఆగడం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎప్పుడు వచ్చింది? ఎవరి చేతిలోంచి వచ్చింది?

అది తేల్చడమే నా వృత్తి మిత్రులారా. ముప్ఫై ఏళ్లు రికార్డుల లైబ్రరీలో పనిచేశాను. మనిషి పుడితే ఆసుపత్రివాళ్లు ఒక కాగితం రాసిస్తారు. సంగీతం పుడితే ఎవరూ రాసివ్వరు. అందుకని మాలాంటివాళ్లం ఆనవాళ్లు పట్టుకుని వెనక్కి నడుస్తాం. రికార్డు మధ్యలో కాగితం అంటించిన చోటు పక్కన సూదితో గీసినట్టు ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను స్టూడియోవాళ్ల రోజువారీ పుస్తకంతో సరిచూస్తాం. పాత పత్రికల్లో ప్రకటనలు తిరగేస్తాం. ఆ సంగీతం పేరు మొదటిసారి ఎప్పుడు అచ్చులో కనబడిందో చూస్తాం. కుంటిదరువుతో వచ్చిన మొదటి రికార్డు బాండు మేష్టారిది, దాని విషయంలో ఈ మూడూ ఒక్కచోట కలిశాయి. అంకె కలిసింది, స్టూడియో పుస్తకం కలిసింది, వారం తర్వాత వచ్చిన ప్రకటన కలిసింది. ఇంకేం కావాలి? 'కుంటిదరువు ఫలానా రోజున పుట్టింది' అని తేదీతో సహా రాసేశాను. ఆ దరువులోని ఆలస్యం గురించి కూడా రాశాను. 'నగర జీవితపు వయ్యారం' అన్నాను. ఆ వాక్యాన్ని చాలామంది మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

పేరు పెట్టిన రోజే పుట్టిన రోజు అనుకున్న మహా మేధావిని నేను.

నా పుస్తకంలోంచి రెండు పేజీలు తీసి బడిపిల్లల వాచకంలో వేశారు. ఇరవై ఆరేళ్ల కిందటి మాట. అప్పుడు తొమ్మిదేళ్లున్న చెల్లెలి కూతురు ఆ పాఠం చదువుకుని ఇంటికి వచ్చి, 'పెద్దమ్మా, నువ్వు చెప్పేది అబద్ధమట. పుస్తకంలో వేరేగా ఉంది' అన్నదట. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. పుస్తకంలో ఉన్నది నమ్మమని కదా మనం పిల్లలకు నేర్పుతాం? అమ్మా, నువ్వు తల దించుకోవద్దు. దించుకోవలసిన తల ఇక్కడ మైకు ముందు ఉంది.

ఆ మర్నాడు మూతలక్క లైబ్రరీకి వచ్చింది. షిఫ్టు దిగి, ఫ్యాక్టరీ చీర మీదనే వచ్చింది. ఆ వాచకాన్ని గుడ్డలో చుట్టి తెచ్చింది. నేను పనిలో ఉన్నానని బయట బల్ల మీద రెండు గంటలు కూర్చోబెట్టారు. లోపలికి వచ్చి, నిలబడే, ఎంతో మర్యాదగా, 'బాబూ, మీ పుస్తకంలో తేదీ తప్పు పడింది. నాలుగేళ్లు తక్కువ పడింది' అంది. అచ్చుతప్పు దిద్దమని అడిగినట్టు అడిగింది.

కూర్చోమన్నాను. చెప్పమన్నాను. ఆమెను మూతలక్క అంటారు గానీ ఆమె నోటికి మూత లేదని మీకందరికీ తెలుసు. కానీ ఆ రోజు చాలా కొద్దిగా మాట్లాడింది. ఇరవై ఏళ్ల వయసులో డబ్బాల మూతలు కొట్టే యంత్రం కింద ఆమె కుడిచేయి పడింది. మధ్య వేళ్లు రెండూ పోయాయి. నెలన్నర తర్వాత పనికి వస్తే, ఈ చెయ్యి ఇంక దేనికీ పనికిరాదని ప్యాకింగులో కూర్చోబెట్టారు. అంతకుముందు క్యాంటీనులో భోజనాల వేళ డబ్బా బోర్లించి దరువు వేసేది ఆమే. పదకొండు మంది ఆడవాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని పాడేవాళ్లు. ఆమె తిరిగొచ్చిన మొదటి రోజున మళ్లీ వాయించమన్నారు. ఎడమచేయి ఎప్పటిలాగే పడింది. కుడిచేయి డబ్బా దాకా వచ్చి, నొప్పికి జంకి, ఆగి, అప్పుడు దిగింది.

విన్నారా మిత్రులారా? జంకి, ఆగి, అప్పుడు దిగింది. వయ్యారం కాదు. నొప్పి. ఇన్నేళ్లుగా మనం నడుము ఊపుతున్నది ఒక పిల్ల చెయ్యి నొప్పికి.

ముందు అందరూ నవ్వారట. దరువు కుంటుతోందే అన్నారట. ఆ పేరు అక్కడ, ఆ బల్ల దగ్గర, ఎగతాళికి పుట్టింది. తర్వాత పాడేవాళ్లు ఆ ఆగడానికి తగ్గట్టు పాటను సర్దుకున్నారు. నెల తిరిగేసరికి ఆ కుంటు లేకపోతే వాళ్లకు పాటే రాలేదు. ఆమె చెయ్యి మానిపోయింది, నొప్పి పోయింది. దరువు మాత్రం అలాగే ఉండిపోయింది. నాలుగేళ్ల తర్వాత ఫ్యాక్టరీ ఆటల పోటీలకు బాండు మేష్టారు తన బృందంతో వచ్చారు. భోజనాల వేళ క్యాంటీనులో ఈ దరువు విన్నారు. ఆ ఏడే రికార్డు వచ్చింది.

మేష్టారిని ఆమె ఎన్నడూ ఒక్క మాట అనలేదు. విన్నాడు, నచ్చింది, వాయించాడు, నేనేమన్నా దాచిపెట్టుకున్నానా అనేది. ఆమెకు పేరు అక్కర్లేదు. ఫోటో అక్కర్లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. పనికిరాదన్న చేతిలోంచే అది వచ్చిందని ఒక్క పుస్తకంలో ఉండాలి.

నేనేం చేశాను? రుజువు ఉందా అమ్మా అని అడిగాను. ఆమె తన కుడిచేతిని తీసి నా బల్ల మీద పెట్టింది.

నేను ఆ చేతిని చూశాను. చూసి, 'చెయ్యి తేదీ చెప్పదు కదమ్మా' అన్నాను.

ఈ మాట నేనే అన్నాను. ఈ నోటితోనే అన్నాను. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు ఇరవై ఆరేళ్లు గడువిచ్చింది ఆమె. కోపం తెచ్చుకోలేదు. నిజమే బాబూ అని ఒప్పుకుంది. పోనీ ఒకసారి వాయించి చూపించనా అని అడిగింది. ఇది లైబ్రరీ, చప్పుడు చేయకూడదన్నాను. పక్క గదిలో రికార్డు చేసే యంత్రం ఉంది మిత్రులారా. పక్క గదిలోనే. తలుపు తెరిస్తే చాలు. ఆ రోజు తెరవలేదు. ఆ తర్వాతా తెరవలేదు. ఈ రోజు ఆ దరువు ఆమె చేతిమీదుగా వినాలంటే ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

తర్వాత ఆమె కాళ్లరిగేలా తిరిగింది. పాత పనివాళ్లను ఒక్కొక్కరినీ వెతికి నా దగ్గరకు తీసుకొచ్చింది. ఆ పదకొండు మందిలో అయిదుగురు వచ్చారు. ఒకావిడ పెద్ద గాలివాన వచ్చిన ఏడు అంది. ఒకావిడ తన రెండో కూతురు కడుపున పడ్డ ఏడు అంది. ఇంకొకావిడ, రెండో కూతురు కాదు, మూడోది అంది. అయిదుగురికీ అయిదు సంవత్సరాలు వచ్చాయి. జ్ఞాపకం మీద చరిత్ర నిలవదని చెప్పి పంపించేశాను.

ఇప్పుడు ఆలోచిస్తే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది. సంవత్సరం దగ్గర అయిదుగురూ విడిపోయారు, నిజమే. కానీ మేష్టారి రికార్డు కన్నా ముందే అన్న చోట అయిదుగురూ ఒక్కమాట మీద ఉన్నారు. నేను విడిపోయిన చోటే చూశాను. కలిసిన చోటు నాకు కనబడలేదు. వాళ్లు చెప్పింది రాసైనా పెట్టుకోలేదు. ఆ అయిదుగురిలో ఈ రోజు ఒక్కరూ లేరు.

ఇంకో సంగతి చెబుతాను. దీన్ని చెప్పడానికి చెల్లెలుగారు అనుమతి ఇచ్చారు. ఒక రోజు నాకు టపాలో పాత ఉత్తరం వచ్చింది. ఫ్యాక్టరీ పేరు అచ్చువేసిన పసుపురంగు కాగితం. క్యాంటీను మేనేజరు పై అధికారికి రాసుకున్న ఫిర్యాదు. ప్యాకింగు ఆడవాళ్లు భోజనాల వేళ డబ్బాలతో కుంటిదరువు వేసి చెవులకు చిల్లులు పొడుస్తున్నారని ఉంది. తేదీ రికార్డుకు మూడేళ్ల ముందుది. భూతద్దం పెట్టి చూశాను. కాగితం పాతదే. సిరా పాతదే. ఎగిరి గంతేశాను. పుస్తకం మళ్లీ అచ్చుకు వెళ్లేటప్పుడు దిద్దుతానని ఆమెకు కబురు పంపాను.

మర్నాడు పొద్దున్నే లైబ్రరీ తలుపులు తీసేసరికి ఆమె మెట్ల మీద ఉంది. ఆ ఉత్తరం ఇచ్చెయ్యమంది. దాన్ని రాసింది ఆమె మరిది, అంటే చెల్లెలి భర్త. ఆయన ఆ ఫ్యాక్టరీ ఆఫీసులోనే గుమస్తా. పాత కాగితం, పాత సిరా బీరువాలో దొరికాయి. వదినగారు రోజూ వచ్చి చిన్నబోయిన మొహంతో తిరిగి వెళ్లడం చూడలేక ఆయన ఈ పని చేశారు. ఇప్పుడు ఆయనా లేరు. ఆ రోజు మూతలక్క అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'మా మరిది నా మీద ప్రేమతో రాశాడు బాబూ. కానీ నిజానికి దొంగ సాక్ష్యం పెడితే, రేపు నిజమే దొంగదైపోతుంది.'

ఆమె ఊరుకుని ఉంటే ఏమయ్యేది? పుస్తకం మారిపోయేది. వాచకం మారిపోయేది. నేను జీవితాంతం నమ్మేవాణ్ణి. గెలుపు ఇంటి గుమ్మం దాకా వస్తే తన చేత్తో తనే తలుపు వేసుకున్న మనిషి ఆమె. ఇంతటి మనిషి అబద్ధం చెబుతుందా? ఈ ఒక్క ప్రశ్న ఆ రోజున నన్ను నేను వేసుకుని ఉంటే? వేసుకోలేదు. ఉత్తరం ఇచ్చేశాను. పుస్తకం ఎలా ఉందో అలాగే మళ్లీ అచ్చయింది. మూడోసారి అచ్చయింది. అయిదోసారి అచ్చయింది.

ఇక అసలు పాపం వింటారా?

రెండేళ్ల కిందట ఆమె నాకు ఫోను చేసింది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. ఫ్యాక్టరీ అప్పటికే మూతబడింది కదా. అక్కడి వాచ్‌మన్ ఆమెకు ఒక మాట చెప్పాడు. పాత ఆఫీసు గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. అందులో ప్రమాదాల రిజిస్టర్లు ఉన్నాయి. ఎవరి చెయ్యి పోయింది, ఎవరి కాలు పోయింది, ఏ రోజున, ఏ యంత్రం కింద, అంతా వరుసగా రాసి ఉంటుంది. ఆమెకు వెంటనే వెలిగింది. దరువు గురించి ఏ కాగితంలోనూ ఉండదు. కానీ చెయ్యి గురించి ఉంటుంది. చెయ్యి నలిగిన తేదీ దొరికితే దరువు పుట్టిన తేదీ దొరికినట్టే. చూడండి, ముప్ఫై ఏళ్లు ఇదే వృత్తిగా బతికిన నాకు తట్టని దారి, మూతలు లెక్కపెట్టిన మనిషికి తట్టింది.

ఆమెను లోపలికి రానివ్వలేదు. లైబ్రరీ తరఫున ఉత్తరం పట్టుకుని ఎవరైనా వస్తే తలుపు తీస్తామన్నారు అక్కడివాళ్లు. నన్ను రమ్మని అడిగింది. అది ఏప్రిల్. వస్తానన్నాను. ఎండలు తగ్గనివ్వమన్నాను. తర్వాత మోకాలి నొప్పి అన్నాను. తర్వాత ఒక సభలో ప్రసంగం ఉందన్నాను. ఆ ప్రసంగం దేని మీదనుకున్నారు? సంగీతాల పుట్టుకను ఎలా నిర్ణయించాలి అన్న విషయం మీద. ఆమె నాలుగుసార్లు ఫోను చేసింది. నాలుగోసారి, 'తొందరేమీ లేదు బాబూ, కాస్త తొందరగా రండి' అని నవ్వింది.

నవంబరులో వెళ్లాం. వానాకాలంలో కప్పు కారి కాగితాలు తడిసిపోయాయట. ఆ స్థలం కొన్నవాళ్లు పది రోజుల కిందట అంతా లారీకెత్తించి కాగితం మిల్లుకు పంపేశారట. పది రోజులు. నేను మిల్లుకు కూడా పరిగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. అక్కడ పెద్ద తొట్టిలో బూడిదరంగు గంజి తిరుగుతోంది. ఏది రిజిస్టరో, ఏది పాత పత్రికో ఎవరు చెప్పగలరు?

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. ఇప్పుడైనా నమ్ముతున్నారా బాబూ అని అడిగింది. నమ్ముతున్నానమ్మా అన్నాను. నిజంగా నమ్మాను. దొంగ ఉత్తరాన్ని వెనక్కి తీసుకున్న రోజునే నమ్మానని అప్పుడు తెలిసింది.

'మరి రాస్తారా?'

ఆధారం లేకుండా ఎలా రాయనమ్మా అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. దిగేదాకా మళ్లీ ఇటు తిరగలేదు. ఆ తర్వాత నాకు ఫోను చేయలేదు. ఏడాది పైన గడిచింది. ఒక్కసారీ చేయలేదు. నేను చేయొచ్చు కదా? ఎందుకు చేయలేదు? ఏం చెప్పను చేసి?

ఆమె పోయిందని తెలిసి చెల్లెలుగారి ఇంటికి వెళ్లాను. సిగ్గు విడిచి అడిగాను. ఆసుపత్రిలో ఉన్న ఆ రెండు రోజుల్లో నా గురించి ఏమైనా అన్నారా అని అడిగాను. తిట్టినా చాలనుకున్నాను. ఏమీ అనలేదండి అన్నారు చెల్లెలుగారు.

ఏమీ అనలేదు మిత్రులారా.

వచ్చే నెల ఈ ఊరు కుంటిదరువు యాభై ఏళ్ల పండుగ చేసుకోబోతోంది. నాలుగు రోడ్ల కూడలిలో వేదిక కడుతున్నారు. దాని మీద పెద్ద అక్షరాలతో ఒక తేదీ ఉంటుంది. నా తేదీ. దాన్ని ఆపమని ఉత్సవ సంఘానికి ఉత్తరం రాశాను. ఆధారాలుంటే పంపండి, పరిశీలిస్తామని జవాబు వచ్చింది. వాళ్లను ఏమనను? ఆ మాట వాళ్లకు నేర్పింది నేనే. ప్రచురణకర్తకు ఫోను చేసి పుస్తకం అమ్మకం ఆపమన్నాను. ఆయన నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు.

చెప్పండి, ఇప్పుడు ఏం చెయ్యాలి? ఎవరి కాళ్లు పట్టుకోవాలి? సరైన తేదీ చెప్పమంటే నాకూ తెలియదు. ఆమెకూ తెలియదు. వానాకాలం అని తెలుసు, చేతికి కట్టిన గుడ్డ తడిసేదని తెలుసు, అంతే. చెల్లెలుగారికి అప్పుడు పన్నెండేళ్లు. అక్క చేతికి గుడ్డ మార్చింది గుర్తుంది, ఏ నెలో గుర్తు లేదు. ఆ తేదీ ఇక ఎప్పటికీ దొరకదు. నా తర్వాత నాకన్నా గొప్పవాళ్లు వస్తారు, కొత్త పద్ధతులు వస్తాయి. ఏవీ దాన్ని పట్టుకోలేవు. అది ఆ గంజి తొట్టిలో కరిగిపోయింది. దాన్ని కరిగించింది నా ఎండలూ, నా మోకాలూ, నా ప్రసంగమూ.

నా చేతిలో మిగిలింది ఒక్క పనే. ఉత్సవంలో నన్ను సన్మానిస్తామన్నారు. వెళ్లడం లేదు. ఆ రోజున వేదిక ఎదుట రోడ్డు మీద నిలబడి, వచ్చినవాళ్లకు ఇప్పుడు మీకు చెప్పినదే చెబుతాను. పిచ్చివాడంటారు. అననివ్వండి. నా మాటకు ఆధారం ఏమిటని అడుగుతారు. నా దగ్గర లేదు. నేను నమ్ముతున్నానని చెబుతాను. ఒకప్పుడు ఎవరైనా అలా చెబితే నేను బయటకు పంపేవాణ్ణి. ఇది చాలదని నాకు తెలుసు. ఇది ఆమెకు చేరదని కూడా తెలుసు.

అక్కలారా, అన్నలారా, ఇంక చెప్పడానికి నాకు శక్తి లేదు. దయచేసి అందరూ లేచి నిలబడండి. మెట్ల మీదివాళ్లు కూడా. మౌనంగా ఉందాం. రెండు నిమిషాలనీ అయిదు నిమిషాలనీ నేను చెప్పను. ఎంతసేపో చెప్పే అర్హత నాకు లేదు. ఆమె చెల్లెలుగారు ఎప్పుడు కూర్చుంటే, అప్పుడే మనమూ కూర్చుందాం.